కోస్తా తీరమున తుపాను కబురు

బంగాళాఖాతమునకు ఎదురుగా నిలిచిన తెలుగు తీరమునకు తుపానులు ఎంత పాతవో, వాటి రాకను పల్లెలకు ముందుగా తెలుపవలెనను యోచన అంత క్రొత్తది. 1864 నవంబరు 1న ఉప్పెన బందరును ముంచి సుమారు ముప్పది వేల ప్రాణములను హరించిననాడు, దేశమున టెలిగ్రాఫు తీగలు అప్పటికే సాగియున్నను, ముందుగా హెచ్చరించుటకు కార్యాలయమే లేకుండెను. ఆ ఉప్పెనయు, దానికి నెల ముందు కలకత్తాను కూల్చిన తుపానును దొరతనమువారిని కదలింపగా, 1875లో వాతావరణ శాఖ ఏర్పడినది. రేవులలో స్తంభములపై ప్రమాద సూచికలు ఎత్తు పద్ధతి పాదుకొన్నది. నేటికిని పత్రికలలో మనము చదువు "మూడవ నెంబరు ప్రమాద సూచిక" ఆ వరుసలోనిదే. అది ఓడలవారి కొరకు ఏర్పడినది. ఉప్పుటేటి గట్టున గుడిసె వేసికొన్న జాలరికి కనిపించునది కాదు.

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రము ఆరంభమైన పిమ్మట కబురు గట్టుదాకా పోగలిగెను. మీడియంవేవు తరంగములు నేలనంటి ప్రాకును. తడినేలయు ఉప్పునీరును వాటికి మిక్కిలి అనుకూలములు గనుక డెల్టా పల్లెలకు ఇది ఒక వరమనియే చెప్పవలెను. పంచాయతీ రేడియోయు, తరువాత ట్రాన్సిస్టరును ఊరికి చెవులైనవి. చెవులే గాని నోరు కాలేదు. రేడియో ఎంత మేర అందునని లెక్కించువారు పలుకువాని వైపునుండియే గీత గీచిరి. విన్నవాని ప్రత్యుత్తరము ఎంత దూరము పోవునని అడిగినవారు అరుదు.

1977 నవంబరు 19 నాటి తుపానున ఆ కొరత యెంతటిదో తేలినది. హెచ్చరికలు వెలువడకపోలేదు, కాని కరెంటు, టెలిఫోను స్తంభములు పడిపోగా, నాగాయలంక, కోడూరు ప్రాంతములలో సొర్లగొంది, హంసలదీవి వంటి ఊళ్లపై సముద్రము విరుచుకొని వచ్చిన వార్త లోకమునకు వెంటనే తెలియలేదు. చెట్లు అడ్డుపడిన దారుల వెంట మనుషులు నడచివచ్చి చెప్పవలసివచ్చెను. ప్రభుత్వ లెక్కలోనే మృతులు పదివేలకు చేరిరి.

మాటకు మారుమాట పలుకగల పోలీసు వైర్లెస్సు ఉండెను గదా యనవచ్చును. దాని కష్టము వేరు. వి.హెచ్.ఎఫ్. తరంగము ఇంచుమించు కంటిచూపు వలె తిన్నగా పోవును: 30 మీటర్ల స్తంభమునుండి నేలపై నిలిచినవాని చేతిసెట్టునకు లెక్కప్రకారము 27 కిలోమీటర్లు, తాటితోపులు అడ్డుపడి బ్యాటరీ బలము తగ్గినచో అంతయు లేదు. మన్యమున కొండ యెక్కినవానికి దూరము వినవచ్చును, లోయలో నున్నవానికి వినరాదు. డెల్టాలో, మాటనందుకొని తిరిగి పంపు రిపీటరు నిలుపుటకు కొండయే లేదు. షార్టువేవు వినియోగింతమన్నచో అది ఆకాశముపై తగిలి దూరమున దిగును. మద్రాసు వినగా ప్రక్క తాలూకా వినకపోవుటయు కలదు.

1983లో ఇన్సాట్-1బి ఎగిరిన పిమ్మట, ఆ దశకపు నడుమ తీరజిల్లాలలో తుపాను హెచ్చరిక యంత్రములు వెలసినవి. మద్రాసునుండి పంపిన సంకేతము ఉపగ్రహము మీదుగా, కోరిన జిల్లాలోని పెట్టెను మాత్రమే మేల్కొలుపుచుండెను. మొదట సైరను మ్రోగి, తరువాత తెలుగులో హెచ్చరిక వినవచ్చుచుండెను. పడిపోవుటకు దారిలో తీగలు లేకుండెను. 1990 మే నెల తుపానున ఆరున్నర లక్షల మందిని తరలింపగలుగుటకు ఇదియు ఒక కారణము; నాటి మృతులు వెయ్యికి లోపుననే నిలిచిరి. కాని ఆ పెట్టె ఆఫీసులో నుండెను. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపానున మృతులు వెయ్యి దాటిరి. వారిలో వేటకు పోయి తిరిగిరాని జాలరులు అనేకులు. ఒడ్డునున్న సైరను వారి చెవిని పడు ఉపాయము లేకపోయెను.

పల్లెలోని లోపము పట్నమునకును కలదని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూపినది. విశాఖలో సెల్ టవర్లు మూగవోయినవి. అవి నిలిచియున్నప్పుడును సముద్రముపై వాటి అందుబాటు తీరమునుండి పది పన్నెండు కిలోమీటర్లకు మించదు. అందుకే 2019లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ పడవలకు జెమిని పరికరమును తెచ్చెను: ఉపగ్రహమునుండి వచ్చిన హెచ్చరిక జాలరి ఫోనులో అతని భాషలోనే కనిపించును, అతడు మారు పలుకుటకు వీలులేదు. అంతకుముందే ఇస్రో ఇచ్చిన ఆపద సంకేత యంత్రము దీనికి తారుమారు: పడవ కేక ఒడ్డుకు పోవును, "వింటిమి" అన్న బదులు తిరిగి రాదు. ఆ బదులును పడవకు చేర్చు రెండవ తరము యంత్రము 2024లో వెలువడినది.