జన్యువరుస మార్పు – వైరస్ వృద్ధి: చండీపురా నేపథ్యం

2003 జూన్–ఆగస్టు నెలల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపు సోకిన 329 మంది పిల్లల్లో 183 మంది మరణించారు. కారకం చండీపురా వైరస్. 1965లో మహారాష్ట్రలో తొలిసారి గుర్తించిన గ్రామం పేరే దానికి స్థిరపడింది.

ఇది పశువులకు నోటిపుండ్లు కలిగించే వెసిక్యులార్ స్టొమటైటిస్ వైరస్‌కు దగ్గరి సంబంధి. రెండింటిలోనూ ఎన్, పి, ఎం, జి, ఎల్ జన్యువులు ఇదే వరుసలో ఉంటాయి. పాలిమరేజ్ ఒక కొస నుండే ప్రతిలేఖనం ఆరంభిస్తుంది. ప్రతి జన్యుసంధి వద్ద కొంత భాగం ఆగిపోతుంది. కనుక మొదటి ఎన్ అధికంగా, చివరి ఎల్ స్వల్పంగా తయారవుతాయి.

1998లో అలబామాలో గెయిల్ వెర్ట్జ్, ఆండ్రూ బాల్ బృందం ఎన్ జన్యువును రెండు, మూడు, నాలుగు స్థానాలకు జరిపింది. స్థానం వెనుకబడినకొద్దీ ఎన్ ఉత్పత్తి, వైరస్ వృద్ధి తగ్గాయి. నాలుగో స్థానంలో ఎలుకలపై దాని ప్రాణాంతకత బాగా క్షీణించింది. 2000లో జి జన్యువును ముందుకు తెచ్చినపుడు రోగనిరోధక స్పందన త్వరితమైంది.

ఒక అక్షరం మార్చి బలహీనపరచిన వైరస్ మరో మార్పుతో తిరిగి బలపడవచ్చు. జన్యువు మొత్తం పూర్వస్థానానికి చేరడం మాత్రం అరుదు. సజీవ టీకాకు ఇదే భద్రత. 2024లో గుజరాత్‌లో వ్యాధి ప్రబలినపుడు కూడా చండీపురాకు ఆమోదిత టీకా లేదు. జీడిమెట్ల ఔషధ పరిశ్రమకు, పొరుగున ఉన్న జీనోమ్ వ్యాలీకి ఈ లోటు దూరదేశపు సమస్య కాదు.