కాలినడకన వేంగీపురం



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, సర్వీసు రోజుల ముచ్చట ఒకటి వ్రాసి పంపుదామనుకున్నాను. ఈలోగా దసరా సెలవులకు మా మనవడు తాడేపల్లిగూడెం వచ్చాడు. పదవ తరగతి చదువుతున్నాడు. "తాతయ్యా, మా పుస్తకంలో వేంగి రాజధాని అని ఉంది. అదెక్కడుంది?" అని అడిగాడు. "ఎక్కడో కాదురా, ఏలూరు పక్కన పెదవేగి" అన్నాను. "నువ్వు చూశావా?" అన్నాడు.

ముప్పై ఆరేళ్ళ సర్వీసులో పెదవేగి అన్న పేరు వందలసార్లు టైపు కొట్టి ఉంటాను. చూశావా అంటే మాత్రం, చూడలేదు. ఈ మోకాళ్ళతో ఎక్కడికండీ అని మా ఇంటావిడ వారిస్తున్నా వినకుండా, మర్నాడు పొద్దున్నే వాణ్ణి వెంటబెట్టుకుని రైల్లో ఏలూరు వెళ్ళి, అక్కడినుంచి బస్సులో పెదవేగి చేరుకున్నాను. ఏలూరుకు ఉత్తరంగా పన్నెండు కిలోమీటర్లు ఉంటుంది.

దారి పొడుగునా పామాయిల్ తోటలు, కొబ్బరి, మొక్కజొన్న. పామాయిల్ మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ కూడా పెదవేగిలోనే ఉంది. బస్సు దిగి చూస్తే కోట గుమ్మం లేదు, టిక్కెట్టు కౌంటరు లేదు. మావాడు చుట్టూ చూసి "తాతయ్యా, రాజధాని ఏది?" అన్నాడు. "నువ్వు నిలబడిందే" అన్నాను గాని, నాకూ మనసులో చివుక్కుమంది.

ఈ ఊరి సంగతి కాస్త చెప్పుకోవాలి. క్రీస్తు శకం నాలుగవ శతాబ్దంలో శాలంకాయన రాజులు వేంగీపురం నుంచి పాలించారు. గుప్త చక్రవర్తి సముద్రగుప్తుడు దక్షిణాపథంలో గెలిచిన రాజుల జాబితా అలహాబాదు స్తంభం మీద ఉంది. అందులో వేంగి రాజు హస్తివర్మ పేరుంది. శాలంకాయనుల తర్వాత ఈ నేల విష్ణుకుండినుల ఏలుబడికి వచ్చింది. ఆ తర్వాత బాదామి చాళుక్యరాజు రెండవ పులకేశి దండెత్తి వచ్చాడు. 634 నాటి ఐహోళె శాసనం ఆ యుద్ధంలో కునాల సరస్సు నీళ్ళు నెత్తురుతో ఎరుపెక్కాయని చెబుతుంది. ఆ సరస్సు మన కొల్లేరేనని పండితుల గుర్తింపు. పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడు 624లో ఇక్కడ తూర్పు చాళుక్య వంశాన్ని నిలబెట్టాడు. రాజరాజ నరేంద్రుని కాలానికి, అంటే 1022 నాటికి, రాజధాని రాజమహేంద్రవరం. నన్నయ భారతం మొదలైంది అక్కడే. వేంగి మాత్రం పల్లెటూరై మిగిలింది.

ఇక్కడే ఎందుకు నగరం కట్టారన్నది నడిస్తే గాని అర్థం కాలేదు. ఊరు మెట్టమీద ఉంది. దక్షిణానికి వెళ్ళేకొద్దీ నేల వాలి, వరిచేలు దాటి, కొల్లేటి దగ్గర నీళ్ళలో కలుస్తుంది. అటు కృష్ణ, ఇటు గోదావరి. వరదకు అందనంత ఎత్తు, ధాన్యానికి దూరం కానంత దగ్గర.

ఏడవ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ ఆంధ్రదేశం వచ్చాడు. రాజధాని చుట్టుకొలత సుమారు ఇరవై లీలని, దేశంలో ఇరవైకి పైగా సంఘారామాలు, వాటిలో మూడు వేల మంది భిక్షువులు ఉన్నారని వ్రాశాడు. ఆ రాజధాని ఈ వేంగీపురమే. లీ అంటే మైలులో మూడో వంతు అనుకుంటే, ఇరవై లీలు సుమారు పది కిలోమీటర్లు. "ఒక చుట్టు తిరిగి వద్దామా?" అన్నాడు మావాడు. సరేనన్నాను.

ముందుగా దిబ్బల వైపు నడిచాము. శాలంకాయనుల ఇలవేల్పు చిత్రరథస్వామి. తమ శాసనాలలో తాము ఆ స్వామి పాదభక్తులమని చెప్పుకున్నారు. శాసన పరిశోధకుడు హుల్ష్ 1902లో ఇక్కడికి వచ్చినప్పుడు, ఆ స్వామి గుడి ఉన్న చోటు ఇదేనని గ్రామస్థులు ఒక దిబ్బను చూపించారట. పదిహేను వందల ఏళ్ళ తర్వాత కూడా ఊరివాళ్ళ నోట ఆ దేవుడి పేరు నిలిచి ఉంది!

చెరువు గట్లు, పొలం గట్లు పట్టుకుని నడిచాము. నేల కోసుకుపోయిన చోటల్లా ఇటుక ముక్కలు, కుండ పెంకులు. ఒకచోట చెక్కుచెదరని ఇటుక కనబడింది. మావాడు జానతో కొలిచాడు. జానకు మించి ఉంది. అక్కడే ఉంచి రమ్మన్నాను. గట్టుమీద గేదెలు మేపుకుంటున్న పెద్దాయన మమ్మల్ని చూసి "ఏవండీ, సర్వేకొచ్చారా?" అని అడిగాడు. కాదు, ఊరు చూడ్డానికి వచ్చామంటే నవ్వి, "ఇదివరకు ఇక్కడ ఇల్లు కట్టుకోవాలంటే ఇటుక కొనే పని లేదండీ, తవ్వుకోవడమే" అన్నాడు. ఏలూరు కోట కూడా ఈ ఊరి రాళ్ళతోనే కట్టారని ప్రతీతి.

ఒక చెట్టు కింద కూర్చున్నప్పుడు మావాడికి ఏలూరులో దొరికిన రాగిరేకుల సంగతి చెప్పాను. అది శాలంకాయన రాజు విజయదేవవర్మ ప్రాకృతంలో ఇచ్చిన ఉత్తరువు. మన వంటి గుమాస్తాలకు ఇట్టే అర్థమవుతుంది. జారీ అయిన స్థలం వేంగీపురం. ఎవరికి అంటే, ఏలూరులో ములుడ మొదలైన గ్రామస్థులకు. లబ్ధిదారు గణశర్మ. విస్తీర్ణం ఇరవై నివర్తనాల భూమి, ఇంటిస్థలం. తేదీ రాజుగారి పదమూడవ పాలనా సంవత్సరం. చిరునామా నుంచి తేదీ దాకా ఏ కాలమూ ఖాళీ లేదు. రాజు అశ్వమేధం చేసినవాడు. ఆయన మేడ ఏమైందో గాని, లబ్ధిదారుకిచ్చిన కాపీ నిలిచింది. మనం పి.పి.ఓ. కాగితం ఇనప్పెట్టెలో దాచుకుంటామే, అలా దాచి ఉంటారు.

ఆ మాట అంటుండగానే నాకు ఒక పాత ఫైలు గుర్తుకొచ్చింది. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నేను జూనియర్ అసిస్టెంటుగా ఒక ఆఫీసులో పనిచేస్తుండగా తపాలులో ఒక అర్జీ వచ్చింది. తమ ఊళ్ళో పాత దిబ్బను మట్టికోసం తవ్వి బండ్లకెత్తుతున్నారనీ, బొమ్మలున్న రాళ్ళు పగిలిపోతున్నాయనీ ఒక రైతు పెన్సిలుతో వ్రాశాడు. సంబంధిత శాఖకు పంపమని నోటు పెట్టాను. జవాబు రాలేదు. రిమైండరు వ్రాయవలసినవాణ్ణి నేనే. పెండింగు లిస్టు తగ్గించుకోవాలన్న తొందరలో ఎల్.డిస్. వేసి మూసేశాను. ఎల్.డిస్. కాగితానికి ఆయుష్షు ఎంతో మీకు తెలుసు. ఏడాది తిరిగితే చించి పారేస్తారు. ఆ దిబ్బ తర్వాత ఏమైందని నేను ఎన్నడూ విచారించలేదు.

మావాడు విని, కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ రైతు పేరేంటి తాతయ్యా?" అన్నాడు. గుర్తు లేదు. గణశర్మ పేరు చెప్పగలిగాను గాని, ఆ రైతు పేరు చెప్పలేకపోయాను.

చుట్టు పూర్తికాలేదు. మోకాళ్ళు మొరాయించాయి. మావాడి ఫోను లెక్క ప్రకారం ఏడు కిలోమీటర్లు నడిచాము. ఆటోలో దెందులూరు స్టేషనుకు చేరాము. అదీ వేంగి నాటి ఊరే. దక్షిణాన కొల్లేటి వైపు కొంగల బారులు పోతున్నాయి. ఆ సరస్సుకూ ఇదే కథ. 1999లో అభయారణ్యమని ప్రకటించి, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చినా, చేపల చెరువులు ముంచుకొచ్చాయి. 2006లో ప్రభుత్వమే వాటి గట్లు కొట్టించవలసి వచ్చింది. కాగితం మీద హద్దు వ్రాస్తే చాలదు, దాని వెంట పడేవాడు ఒకడుండాలి.

పెదవేగి, దెందులూరు దిబ్బలలో కొన్ని ఇప్పుడు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. ఆ జాబితాకెక్కని వాటికి ఊరివాళ్ళ జ్ఞాపకమే రక్షణ. మన సంఘంలో కరణీకం చేసినవారున్నారు, సర్వేలో, ఇరిగేషనులో గట్టు గట్టూ తిరిగినవారున్నారు. ఏ చెరువును ఏ పేరుతో పిలిచేవారో, ఏ దిబ్బ ఏ పొలంలో ఉండేదో మీకు తెలిసినంత మా పిల్లలకు తెలియదు. దయచేసి ఒక తెల్ల కాగితంమీద వ్రాసి, తేదీ వేసి, సంతకం చేసి మన సంఘానికి పంపండి. ఈసారి ఎల్.డిస్. వేయకుండా చూసే పూచీ నాది.

సంక్రాంతికి మావాడు మళ్ళీ వస్తానన్నాడు. మిగిలిన మూడు కిలోమీటర్లు అప్పుడు నడుస్తాము.