బయానా: రెండువైపులా కట్టిన ముడి

పద్మనాభం ఊరు అనగానే 1794 జులై 10 గుర్తొస్తుంది. పేష్కష్ (కప్పం) బకాయిల పేచీ ముదిరి, ఈస్టిండియా కంపెనీ సేనతో పోరులో విజయనగరం రాజు చిన విజయరామరాజు నేలకొరిగింది ఇక్కడే. 1802లో శాశ్వత శిస్తు వచ్చి భూమి జమీందారుదైంది. సాగుహక్కును మరొకరికి బదిలీ చేసుకునే వీలు రైతుకు 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టంతో ఖాయమైంది. 1948 చట్టం జమీందారీలనే రద్దు చేసింది. పట్టా చేతికొచ్చాకే పొలం బేరంలో బయానాకు, అంటే బేరం ఖాయం చేస్తూ ముందిచ్చే సొమ్ముకు, ఇంత బలం వచ్చింది.

బయానా మాత్రం పట్టాలకన్నా చాలా పాతది. యాజ్ఞవల్క్యస్మృతి దీన్ని సత్యంకారం అంది, పుచ్చుకున్నవాడు మాట తప్పితే రెట్టింపు ఇవ్వాలంది. ఆరో శతాబ్దంలో రోమన్ చక్రవర్తి జస్టీనియన్ శాసనమూ అంతే: కొనేవాడు తప్పితే ఇచ్చిన సొమ్ము పోతుంది, అమ్మేవాడు తప్పితే రెట్టింపు కక్కాలి. బాధ్యత ఇద్దరిదీ. ఈ న్యాయమే నాకు నచ్చుతుంది.

ఇంగ్లీషు చట్టాల కాలంలో ఆ రెట్టింపు నియమం వెనక్కి పోయింది. 1882 ఆస్తి బదిలీ చట్టం ప్రకారం అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన భూమి మీద హక్కు రాదు. అయితే కొనేవాడు న్యాయమైన కారణంతో వెనక్కి తగ్గితే, అతనిచ్చిన బయానాకు ఆ భూమే హామీ.

బయానా వేరు, ధరలో మొదటి వాయిదా వేరు. ఈ తేడాను తేల్చింది 1963లో సుప్రీంకోర్టు, ఫతేచంద్ కేసులో. ఢిల్లీలో ఒక బంగళాకు 1949లో 1,12,500 రూపాయలకు బేరం కుదిరింది. బయానా వెయ్యి, స్వాధీనం ఇచ్చినప్పుడు మరో 24,000. బేరం చెడింది. అమ్మేవాడు వెయ్యి ఉంచుకోవచ్చు, నష్టం రుజువు చేయకుండా 24,000 మింగేయడానికి వీల్లేదంది కోర్టు. పెద్ద మొత్తం ముందే ఇచ్చేవారు గుర్తుంచుకోవలసిన తీర్పు ఇది.

అపార్ట్‌మెంట్ల విషయంలో 2016 రెరా చట్టం గట్టి కట్టడి పెట్టింది: రిజిస్టరైన ఒప్పందం లేకుండా బిల్డరు ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. పొలాల బేరాలకు ఆ రక్ష లేదు. పక్కనే భోగాపురంలో విమానాశ్రయం రావడంతో పద్మనాభం వైపు భూమి మీద ఆశ పెరిగింది. బయానా పుచ్చుకున్నాక ఇంకొకరు ఎక్కువ ఇస్తానంటే మనసు మారడం సహజం. అందుకే సర్వే నంబరు, నాలుగు హద్దులు, గడువు, సాక్షుల సంతకాలతోపాటు, అమ్మేవాడు తప్పితే ఎంత తిరిగివ్వాలో కూడా కాగితం మీదకు ఎక్కించాలి. గడువు దాటాక దావాకు మూడేళ్లే టైము.

2015 జూన్ నుంచి మరో మార్పు: స్థలం, ఇల్లు, పొలం దేనికైనా అడ్వాన్సు ఇరవై వేలు, ఆపైన నగదుగా పుచ్చుకోకూడదు. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి పన్ను పరిధిలోకి రాకపోతే మినహాయింపు. ఈ నియమం తప్పితే, తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పుచ్చుకున్నవాడి మీదే పడుతుంది.