తడిగోడలపై ఉప్పు, పాచి

కౌలాలంపూరులో సంవత్సరమునకు 2,400 మిల్లీమీటర్లకు పైగా వాన కురియును. ఏప్రిల్‌లోను, అక్టోబరు, నవంబరు నెలలలోను అధికము. కావున తోటల కాలమున మన పెద్దలు కట్టిన గుడుల గోడలు పూర్తిగా ఆరుట అరుదు. అట్టి గోడలపై తెల్లని ఉప్పు, పచ్చని పాచి కనబడును. రెండింటికిని మూలము చెమ్మయే. చికిత్స మాత్రము వేరు.

చెమ్మ అనగా గోడలో దాగియున్న తడి. అది నేలనుండి ఎక్కుచు మట్టిలోని, ఇటుకలోని, సిమెంటులోని లవణములను కరగించి తెచ్చును. నీరు ఆవిరికాగా ఉప్పు మిగులును. రాతి రంధ్రములలోనే అది గడ్డకట్టినచో పైపొర పెచ్చులుగా ఊడును. శిల్పపు వ్రేలు ఒకసారి రాలినచో తిరిగి రాదు.

ఉప్పును నీటితో కడుగరాదు. కరగి మరల లోనికి పోవును. ఎండ కాయుదినమున మెత్తని పొడి కుంచెతో దులిపి, రాలిన పొడిని దూరముగా పారవేయవలెను. అది ఉప్పో, సున్నమో తెలియనిచో గీకిన పొడిని గిన్నెలో నీటియందు కలుపుడు. కరగినచో ఉప్పు. కరగనిదానిపై నిమ్మరసము పిండగా నురుగు వచ్చినచో సున్నము.

నిమ్మరసమునకే నురుగెత్తు సున్నమునకు ఘాటైన ఆమ్లము ఎంత హానియో ఊహింపుడు. బాతు గుహల కొండ అంతయు సున్నపురాయియే. (మలాయ్ భాషలో బాతు అనగా రాయి, మన బాతు కాదు.) అట్టి రాతికిని, పాత గారగోడకును ఆమ్లము తగలనీయరాదు.

పాచిని, ఉప్పు దులిపిన పిమ్మటనే, కొద్దిగా తడిపి కొబ్బరిపీచుతో రుద్దవలెను. ఇనుపతీగల కుంచె వలదు. బ్లీచింగు పాచిని చంపును గాని, ఆరిన పిమ్మట తానే ఉప్పును మిగుల్చును.

కుంభాభిషేకము సమీపింపగానే ఇట్టి గోడకు సిమెంటు పూసి ప్లాస్టిక్ పెయింటు వేయుట మన కమిటీలకు అలవాటు. కొన్ని నెలలు చూడ ముచ్చటగా నుండును. దారి మూసుకొనిపోయిన చెమ్మ ఇంకను పైకెక్కును, రంగు బొబ్బలెత్తును. పాత గారకు సున్నపు గారయు, సున్నపు వెల్లయు మాత్రమే తగును. అవి తడిని బయటికి పోనిచ్చును.

అన్నింటికంటె ముందు చూడవలసినవి చూరు గొట్టము, అభిషేకజలము పోవు కాలువ, గోడకానుకొనిన పూలమడి. రంగునకు దాతలు దొరకుదురు, మురుగుకాలువకు దొరకరు. అయినను మొదటి రింగిట్టు కాలువకే పోవలెను. అది బాగుపడిన పిమ్మటను గోడ ఆరుటకు నెలలు పట్టును. అంతవరకు ఉప్పు వచ్చుచునే యుండును, మనము దులుపుచునే యుండవలెను.