ఒక్క జడ్జి తేడా: గోలక్‌నాథ్ నుంచి ఎమర్జెన్సీ దాకా

ఈ ఎపిసోడ్‌లో మన సుప్రీం కోర్టు కథ. ప్రశ్న ఒక్కటే: పార్లమెంటు ప్రాథమిక హక్కుల్ని సవరించొచ్చా? 1951లో, 1964లో కోర్టు "సవరించొచ్చు" అంది. 1967లో "కుదరదు" అంది. రాజ్యాంగంలో ఆర్టికల్ 368 అదే. మారింది బెంచ్.

గోలక్‌నాథ్ కేసులో గొడవ పంజాబ్‌లోని సుమారు 500 ఎకరాల భూమి గురించి. 11 మంది జడ్జిల్లో 6 మంది ఒకవైపు, 5 మంది ఇంకోవైపు. ఆ ఆరుగురికీ ముందున్నది మన తెలుగాయనే, ఆంధ్ర హైకోర్టు తొలి చీఫ్ జస్టిస్‌గా చేసిన కోకా సుబ్బారావు గారు. ఆయన దృష్టిలో వ్యక్తి హక్కులే ముందు, ఆస్తి హక్కుతో సహా. తీర్పు వచ్చిన రెండు నెలలకే రాజీనామా చేసి, ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి ఎన్నికలో నిలబడి ఓడిపోయారు. నాకైతే అది ఆ తీర్పుకే చెడ్డపేరు తెచ్చిందనిపిస్తుంది.

1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి తీర్పు. ఈసారి 13 మంది, 7-6. హక్కుల్ని సవరించొచ్చు గానీ రాజ్యాంగం మౌలిక స్వరూపాన్ని ముట్టుకోకూడదు అన్నారు. మధ్యేమార్గం పట్టి తూకం మార్చింది జస్టిస్ ఖన్నా.

రెండ్రోజులు తిరక్కుండానే ఇందిర ప్రభుత్వం షెలత్, హెగ్డే, గ్రోవర్‌లను దాటేసి ఏ.ఎన్. రే గారిని చీఫ్ జస్టిస్ చేసింది. ఆ ముగ్గురూ మెజారిటీలో ఉన్నవాళ్లు, రే మైనారిటీలో. ముగ్గురూ రాజీనామా చేశారు. జడ్జి ఆలోచనాధోరణి చూసే హక్కు మాకుందని మంత్రి కుమారమంగళం పార్లమెంటులోనే సమర్థించుకున్నారు. దాపరికమేం లేదు!

అయితే ప్రభుత్వం అనుకున్నట్టే అంతా జరిగిందా అంటే, లేదు. 1975 నవంబర్‌లో ఇందిర ఎన్నికను కాపాడే 39వ సవరణలోని ముఖ్యమైన క్లాజును కొట్టేసిన వాళ్లలో మాథ్యూ, చంద్రచూడ్ కూడా ఉన్నారు. కేశవానంద కేసులో వీళ్లు మైనారిటీవైపు వాళ్లే.

అసలు దెబ్బ 1976లో తగిలింది. ఎమర్జెన్సీలో జైల్లో పడేసినవాళ్లు కోర్టుకెళ్లొచ్చా? తొమ్మిది హైకోర్టులు వెళ్లొచ్చన్నాయి. సుప్రీం కోర్టు 4-1తో కాదంది. ఆ నలుగురిలో రే, బేగ్, చంద్రచూడ్ ముగ్గురూ కేశవానందలో మైనారిటీ. నాలుగో ఆయన భగవతి. ఒంటరిగా వ్యతిరేకించింది ఖన్నానే. 1977 జనవరిలో ఆయన్నీ దాటేసి బేగ్‌ను చీఫ్ జస్టిస్ చేశారు. ఖన్నా రాజీనామా ఇచ్చేశారు.

ఆ 4-1 తీర్పును సుప్రీం కోర్టు అధికారికంగా రద్దు చేసింది 2017లో, ప్రైవసీ కేసులో. ప్రధాన తీర్పు రాసింది ఆ చంద్రచూడ్ గారి కొడుకే.