పగడమునకు వెలుగెంత?

మరిపెడ నుండి ఒక శ్రోత మాకు వ్రాసిన ఉత్తరములో రెండు ప్రశ్నలు కలవు. ఆయన గత సంవత్సరము కుమారుని చూడబోయి అమెరికాలో కొన్ని నెలలు గడపిరి. ఆ యింటి ముందుగదిలో ఉప్పునీటితో నింపిన అద్దాల తొట్టి యొకటి కలదు. అందులో చేపలతో పాటు ప్రాణముతో నున్న పగడములును పెరుగుచున్నవి. పాత దీపము మసకబారినదని కుమారుడు కొత్తది బిగించి, పని మీద పొరుగూరు పోవుచు తొట్టిని తండ్రిగారికి అప్పగించెను. ఎండ ఎంత తగిలిన పైరునకు అంత మేలని తలచి, తండ్రిగారు ఆ దీపమును తెల్లవారినది మొదలు రాత్రి పడుకొను వరకు వెలిగించి యుంచిరి. పది దినములలో గోధుమవన్నె పగడము సున్నము కొట్టినట్లు తెల్లబడెను. “అది చచ్చినట్లేనా? తప్పు నాదేనా?” అనునది ఆయన మొదటి ప్రశ్న. “మా అమ్మగారి పగడాల పేరు అరువది యేండ్లయినను వన్నె తగ్గలేదు. ఈ పగడము పది దినములలో వెలిసిపోయినదేమి?” అనునది రెండవది.

రెండవ ప్రశ్నకు జవాబు దొరికినగాని మొదటిదానికి దొరకదు. అందుకు మనము కొంత చరిత్రలోనికి పోవలసియున్నది.

మరిపెడ సముద్రమునకు దూరమైన ఊరు. వరంగల్లు నుండి ఖమ్మము పోవు బాట మీద నున్నది. 2016 వరకు వరంగల్లు జిల్లాలో నుండి, ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలో చేరినది. అయినను పగడము ఈ సీమకు కొత్త వస్తువు కాదు. ఓరుగల్లు నేలిన కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున ఒక అభయశాసనము వేయించెను. మోటుపల్లి నేటి బాపట్ల జిల్లాలోనిది. గాలివానకు కొట్టుకొని వచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు బలవంతముగా గైకొనుచుండగా, తాను న్యాయమైన సుంకము తప్ప మరేమియు తీసికొననని ఆ రాజు పరదేశపు వర్తకులకు మాట యిచ్చెను. ఏ సరకుపై ఎంత సుంకమో ఆ శాసనమే చెప్పుచున్నది. చందనము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, రాగి, పట్టునూలు మొదలగు వాని నడుమ పగడములును పేర్కొనబడినవి. అనగా ఏడువందల యెనుబది యేండ్ల క్రిందటనే పగడము ఓడలలో వచ్చి, సుంకము చెల్లించి, తెలుగు నేలపై అడుగు పెట్టుచుండెను.

ఆభరణములకు పేరుపొందిన ఎఱ్ఱ పగడము ముఖ్యముగా మధ్యధరా సముద్రములో పుట్టునది. రోము నగరపు స్త్రీలకు భారతదేశపు ముత్యములపై ఎంత మక్కువయో, భారతీయులకు పగడములపై అంత మక్కువ యని క్రీస్తుశకము మొదటి శతాబ్దిలోనే ప్లినీ వ్రాసెను. మనము దానిని నవరత్నములలో చేర్చితిమి. కుజునికి అంకితము చేసితిమి. నల్లపూసల నడుమ గ్రుచ్చుకొంటిమి. కాని అది రాయియా, చెట్టా, జంతువా యని విచారించినవారు తక్కువ. సంస్కృతమున పగడమునకు విద్రుమమని యొక పేరు. అందు ద్రుమము, అనగా చెట్టు, దాగియున్నది. ప్రవాళమనగా పగడమే కాక లేత చిగురు కూడ. పడమటి దేశముల వారును దానిని నీటి అడుగున పెరిగి పైకి తీయగనే రాయిగా మారు మొక్క యని చాలకాలము నమ్మిరి.

ఆ నమ్మకమును మొదట కదిలించినవాడు మార్సేల్ నగరపు వైద్యుడు పేసొనెల్. ఆయన 1720 తరువాతి సంవత్సరములలో ఆఫ్రికా ఉత్తర తీరమున బ్రతికియున్న పగడములను సముద్రపు నీటిలోనే ఉంచి పరీక్షించెను. పువ్వులని అందరు తలచినవి ముట్టినంతనే ముడుచుకొనుట, తిరిగి విచ్చుకొనుట చూచి, అవి చిన్న జంతువులని తేల్చెను. పారిస్ విద్వత్పరిషత్తులో రెయోమ్యూర్ అను పండితుడు ఈ మాట నమ్మదగినది కాదని తలచి, పేసొనెలునకు నగుబాటు కలుగకుండ ఆయన పేరు చెప్పకయే ఆ సంగతిని ప్రస్తావించెను. సుమారు పదునైదేండ్ల తరువాతగాని ఆ వైద్యుని మాట నిజమని పండితులు ఒప్పుకొనలేదు.

ఇప్పుడు మన శ్రోత రెండవ ప్రశ్నకు వచ్చెదము. ఆయన తల్లిగారి మెడలోని పగడమును, కుమారుని తొట్టిలోని పగడమును పేరునకు చుట్టములేగాని, బ్రతుకు తీరులో వేరు. ఎఱ్ఱ పగడము సముద్రపు గుహలలో, నీడపట్టున, మసక వెలుతురులో పెరుగును. నీటిలో కొట్టుకొని వచ్చు ఆహారమును పట్టి తినును. దాని ఎఱుపు ఎముకలోనే ఉన్నది. కనుకనే జంతువు చచ్చి, ఎముక పూసయై, మూడు తరములు మారినను వన్నె నిలుచును. తొట్టిలోని పగడము వెచ్చని సముద్రములలో దిబ్బలు కట్టు జాతిది. దాని ఎముక మొదటి నుండియు తెల్లనిదే. మనము చూచు వన్నె, ఎముకపై కప్పియున్న పలుచని మాంసములోనిది.

ఆ మాంసములో మరియొక ప్రాణి కాపురము చేయుచున్నది. అది మిల్లీమీటరులో నూరవవంతు మాత్రమే యుండు ఒక పాచికణము. చదరపు సెంటీమీటరు పగడములో ఇట్టి కణములు పది లక్షల వరకు నుండును. 1880 తరువాత జర్మనీ శాస్త్రజ్ఞుడు కార్ల్ బ్రాంట్ ఇవి జంతువులో భాగము కాదనియు, దానిలో నివసించు వేరు జీవములనియు చెప్పి, వానికి జూజాంథెల్లా యని పేరు పెట్టెను. పాచి వెలుగును గ్రహించి ఆహారము చేయును. అందులో ఎక్కువ పాలు పగడమునకు ముట్టజెప్పును. పగడము పాచికి ఇల్లును ఎరువును ఇచ్చును. కనుక దిబ్బలు కట్టు పగడములకు తేట నీరు, ఎండ కావలెను. గోదావరి, కృష్ణల ఒండ్రు నీటితో కలకబారు మన కోస్తాలో లక్షదీవులందువలె పెద్ద పగడపు దిబ్బలు ఏర్పడకపోవుటకు ఇది యొక ముఖ్య కారణము.

ఈ కాపురము చెడినచో ఏమగును? 1928–29లో మారిస్ యంగ్ నాయకత్వమున ఒక శాస్త్రజ్ఞుల బృందము ఆస్ట్రేలియాలోని మహా పగడపు దిబ్బకు పోయి, లో ఐల్స్ అను చిన్న దీవిలో ఏడాదికి పైగా నివసించెను. వారు పగడములను వెలుగు సోకని పెట్టెలలో నుంచి చూచిరి. వేడి నీటిలోను పెట్టి చూచిరి. రెండు విధములను పగడములు తమలోని పాచిని బయటికి నెట్టి పాలిపోయినవి. కాని పాలిపోయినవన్నియు వెంటనే చావలేదు. ఈ సంగతి మన శ్రోత గుర్తుంచుకొనదగినది.

పగడమును ఇంటిలో పెంచుట ఇటీవలి ముచ్చట. 1853లో లండను జంతుశాలలో ప్రజల కొరకు మత్స్యాలయము తెరవబడెను. 1909లో మదరాసు మెరీనా తీరమునను ఒకటి వెలసి, రెండవ ప్రపంచయుద్ధ కాలమున మూతపడెను. అట్టి తొట్లలో చేపలు బ్రతికినను, దిబ్బ పగడములు నిలుచుట అరుదు. 1961లో ఇండోనీషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ అను నతడు సముద్రపు రాళ్లను వాని మీది ప్రాణులతో సహా తొట్టిలో పెట్టి, సూర్యకాంతి తగులనిచ్చి, పగడములను బ్రతికించిన విధమును ఒక పత్రికలో వ్రాసెను. ఎండ చాలని బెర్లిను నగరపు ఔత్సాహికులు 1980 ప్రాంతమున మెటల్ హాలైడ్ దీపములతో ఆ లోటు తీర్చిరి. ఆ పిమ్మట ఎల్.ఇ.డి. దీపములు వచ్చినవి. ఒకప్పుడు వెలుగు చాలక చచ్చిన పగడమునకు, ఇప్పుడు వెలుగు మిక్కిలియై కీడు కలుగుచున్నది.

కారణ మిది. పాచి తాను వాడుకొనగలిగినంత వెలుగునే ఆహారముగా మార్చును. అంతకు మించిన వెలుగు పడినచో, దాని పచ్చని యంత్రము తట్టుకొనలేక విషమువంటి ఆమ్లజని రూపములను పుట్టించును. నీరు వేడెక్కినచో ఈ కీడు ఇంకను త్వరపడును. అప్పుడు పగడము పాచిని వెడలగొట్టును. మాంసము అద్దమువలె మారి, లోని తెల్లని ఎముక కనబడును. మసకబారిన దీపమునకు నెలల తరబడి అలవాటుపడిన పగడముపై ఒక్కసారిగా కొత్త దీపము వెలిగించుట, నీడలో పెరిగిన నారును వైశాఖపు ఎండలో నాటుట వంటిది. బొగ్గుతో నీటిని వడపోసి దాని పసుపుఛాయ తీసివేసినను, వెలుగు లోతుగా దిగి ఇదే పని చేయగలదు.

కాబట్టి మరిపెడ శ్రోతకు మా జవాబిది. తెల్లబడుట చావు కాదు, ఆకలి. ముట్టినచో ముడుచుకొను మాంసము ఎముకపై ఇంకను ఉన్నచో పగడము బ్రతికియున్నదని అర్థము. మాంసము ఊడి, వట్టి ఎముకపై పచ్చని నాచు పట్టినచో ఆశ లేదు. బ్రతికియున్నచో దీపమును పైకెత్తవలెను, లేదా దాని తీవ్రతను సగమునకు తగ్గించవలెను. దినమునకు ఎనిమిది గంటలకు మించి వెలిగింపరాదు. నీటిని 25, 26 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద నిలకడగా నుంచవలెను. సన్నని ఆహారము కొద్దికొద్దిగా అందించవలెను. పాచి తిరిగి కుదురుకొనుటకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. వన్నె తిరిగి వచ్చిన పిమ్మట వెలుగును వారమునకు కొంచెముగా పెంచవచ్చును. తప్పు ఆయనది మాత్రమే కాదు. కొత్త దీపము బిగించినవారు దానిని మెల్లగా అలవాటు చేయవలెనని చెప్పిపోవలసియుండెను.

ఇట్టి తొట్టి మన యింటను ఉండవలెనని కోరువారికి ఒక మాట. 2001లో భారత ప్రభుత్వము దిబ్బలు కట్టు పగడములను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చెను. పులికి గల రక్షణయే వానికిని కలదు. మన సముద్రముల నుండి వానిని తెచ్చుట నేరము.

ఆ రక్షణకు కారణము లేకపోలేదు. 1998లో సముద్రపు నీరు వేడెక్కి లక్షదీవులలోను, అండమానులలోను, మన్నారు సింధుశాఖలోను పగడములు విస్తారముగా తెల్లబడినవి. ప్రపంచమంతట వ్యాపించిన నాలుగవ తెల్లబాటు జరుగుచున్నదని 2024 ఏప్రిలులో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. తొట్టిలో పది దినములు జరిగినదే అచ్చట వేలమైళ్ల పొడవున జరిగినది. ఇంటి దీపమును తగ్గించుటకు మీట యున్నది. సముద్రమునకు అట్టి మీట లేదు. నీరు చల్లబడువరకు అచ్చటి పగడములు తమ ఆకలిని ఓర్చుకొనవలసినదే.