ఎరుకలసాని వేషం నుంచి మన నాటిక దాకా

నాటిక అంటే వార్షికోత్సవం రోజు పాటల మధ్య వచ్చే పావుగంట నవ్వుల స్కిట్ అనుకుంటారు మన పిల్లలు చాలామంది. తప్పు వాళ్ళది కాదు. మేము చూపించింది అదే. కానీ చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పుట్టినవాళ్ళకు నాటకం కొత్తేమీ కాదు.

ధర్మరాజుల తిరునాళ్ళు గుర్తు తెచ్చుకోండి. ద్రౌపదమ్మ గుడి దగ్గర పద్దెనిమిది రోజులు భారతం. పగలు హరికథ, రాత్రి పొద్దుపోయి మొదలై తెల్లారేదాకా వీధి నాటకం. అర్జునుడి వేషగాడు తపస్సు మాను ఎక్కుతుంటే కింద బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు తడిబట్టలతో సాగిలపడి ఉంటారు. ఆఖరి రోజు మట్టి దుర్యోధనుడి మీద భీముడు గద ఎత్తుతాడు. నిద్రొస్తే అక్కడే దుప్పటి కప్పుకుని, కర్ణుడొస్తే లేపమని పక్కవాళ్ళకు చెప్పి పడుకునే నాటకం అది.

ఆ ఆటల్లో మనవాళ్ళు లేరా అంటే ఉన్నారు, వేషంగా. శ్రీనివాస కల్యాణం కథలో స్వామి ఎరుకలసాని వేషం కట్టి నారాయణవనంలో ఆకాశరాజు కోటకు వెళ్ళి సోది చెబుతాడు. కొరవంజి అనే పాత ఆటకు పేరులోనే కొరవలున్నారు. సింగి చేతిలో బుట్ట ఉంటుంది, నోట సోది ఉంటుంది. ఆమె ఇల్లు మాత్రం మనకు కనబడదు. ఆమెకు ఆకలేస్తుందో లేదో తెలియదు. చిత్తూరు జిల్లా ఏర్పడిన 1911లోనే నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాజధానికి వచ్చింది. ఆట మీద దేవుడు కట్టిన వేషాన్నే, ఆట బయట పోలీసు పుస్తకంలోకి ఎక్కించారు. ఆ మచ్చ కాగితం మీద తొలగడానికి 1952 దాకా పట్టింది.

రాజుల కథల నుంచి మామూలు ఇళ్ళలోకి తెలుగు నాటకం నెమ్మదిగా వచ్చింది. మన రాయలసీమ గాలి తగిలిన బళ్ళారి రాఘవ, పి.వి. రాజమన్నారు రాసిన 'తప్పెవరిది' లాంటి సాంఘిక నాటకాలు ఆడారు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది. పరిషత్తుల పోటీలు పెరిగేకొద్దీ ముప్పావుగంటకో గంటకో ముగిసే నాటికకు ఆదరణ పెరిగింది. ఆ తరంలో ఒకరు మన జిల్లా మనిషే. సినిమా పాటల ఆత్రేయ (1921-1989) పుట్టింది సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో. అప్పుడది నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. ఆయన 'ఎన్జీవో'లో రాజు లేడు, చాలీచాలని జీతంతో ఇల్లు ఈదే గుమాస్తా ఉన్నాడు. 1953లో అది 'గుమాస్తా' సినిమా కూడా అయింది.

ఇంకొకరు గొల్లపూడి మారుతీరావు. సినిమాల్లో విలన్‌గా చూసి ఉంటారు. 1960లో ఆంధ్రప్రభ చిత్తూరు ఎడిషన్ మొదలైనప్పుడు ఇక్కడే పనిచేశారు. చైనా యుద్ధం రోజుల్లో ఆయన 'వందేమాతరం' నాటకం చిత్తూరు, మదనపల్లె, నగరిలో ఆడి రక్షణ నిధికి డబ్బు పోగుచేశారు. కానీ మీరు చదవాల్సింది 'కళ్ళు'. గుడ్డి బిచ్చగాళ్ళు తమ బిచ్చం డబ్బు కూడబెట్టి ఒకడికి కంటి ఆపరేషన్ చేయిస్తారు. చూపొచ్చినవాడు మిగిలినవాళ్ళను మరిచి తన దారి చూసుకుంటాడు. 1988లో ఎం.వి. రఘు దీన్ని సినిమాగా తీశారు.

ఒక ఆదివారం ఈ కథ హాస్టల్ పిల్లలకు చెప్పాం. తొమ్మిదో తరగతి పాప ఒకతె లేచి, "కండ్లొచ్చినోడు అంటే మన్లో ఉద్యోగమొచ్చినోళ్ళా మేడం?" అంది. మాకు వెంటనే జవాబు రాలేదు. మా ఇళ్ళల్లో ఒకరు బీఈడీ చదివారంటే ఇంకొకరు బడి మానేసి ఈతబుట్టలు అల్లారు. ఆ పాప మాకంటే బాగా నాటిక చూసిందని అప్పుడు తెలిసింది. కథ కాదు, అందులో తన వాళ్ళెక్కడున్నారో వెతికింది.

మీరూ అలాగే చూడండి. మాట్లాడేవాడి మీదే కాదు, ఆ పక్కన మాట లేకుండా నిలబడ్డ మనిషి మీద కూడా ఒక కన్ను వేయండి. ఇప్పటి నాటికలన్నీ గొప్పవని మేము అనం. వృద్ధాశ్రమంలో తల్లిదండ్రుల కన్నీళ్ళు పోటీ పోటీకీ వస్తూనే ఉన్నాయి. గిరిజన పాత్ర వస్తే ఏ ఊరిదీ కాని యాసలో "దొరా" అనిపించి పంపేస్తారు. చప్పట్లు కొట్టే ముందు, మన అవ్వ ఇలా మాట్లాడుతుందా అని ఒక్కసారి అనుకోండి.

1998లో మొదలైన నంది నాటక పోటీల్లో బాలల నాటికలకు, కళాశాల నాటికలకు వేరే విభాగాలున్నాయి. కథలకూ కొరత లేదు. పలమనేరు బాలాజీ గారి 'ఏకలవ్య కాలనీ' కథల్లో ఎరుకల ఇళ్ళు, ఎరుకల మాట ఉన్నాయి. రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు శ్రీహరికోట దీవి వదిలి వచ్చిన యానాదుల కథ ఉంది.

ఈ ఏడు మా పిల్లలు ఆ కథే రాస్తున్నారు. రెండే పాత్రలు, అవ్వ, మనవడు. దీవి వదిలే పొద్దున అవ్వ మూటలో ఏం కట్టుకుంటుంది అన్న దగ్గర ఆగిపోయారు. సూళ్ళూరుపేట వైపు పిల్లలు సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు ముసలివాళ్ళను అడిగి వస్తామన్నారు. నోటుబుక్కులో ఆ చోట రెండు పేజీలు ఖాళీగా వదిలారు.